ఆర్‌సీకి తెలియని మార్పులు

బుల్లెట్‌కు కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసేసి చెవులు చిల్లులు పడే మరొకటి బిగిస్తే ట్రాఫిక్ పోలీసులు ఆపుతారు, చలానా రాస్తారు. పట్టుబడిన సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన సందర్భాలూ ఉన్నాయి. వాళ్ల వెనక చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని తన బండిని మార్చకూడదు. అనుమతి ఉన్న కొన్ని మార్పులకే మినహాయింపు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది.

ఈ చట్టం 1988 నాటిది. అమ్ముడైపోయిన బండిని మార్చగలిగినవాడు అప్పట్లో దాని యజమాని, లేదా అతను డబ్బిచ్చి పని చేయించుకున్న మెకానిక్. అందుకే ఆ సెక్షన్ యజమానినే ఉద్దేశించి రాశారు. ఇప్పుడు రోడ్ల మీద తిరుగుతున్న కొత్త కార్లను, విద్యుత్ స్కూటర్లను మార్చే చేయి చాలాసార్లు యజమానిది కాదు. రాత్రి ఇంటి ముందు నిలబెట్టిన బండిలోకి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా కొత్త సాఫ్ట్‌వేర్ దిగుతుంది. తెల్లారేసరికి బ్రేకు పట్టే తీరు, ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, యాక్సిలరేటర్‌కు మోటారు స్పందించే వేగం మారి ఉండొచ్చు. ఆర్‌సీలో ఒక్క అక్షరం మారదు. రవాణా శాఖకు కబురు అందదు. రేపు ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి ఏం మారిందో చెప్పే కాగితమూ ఉండదు.

అసలు ఈ పద్ధతే వద్దనడం తొందరపాటు. దూరం నుంచే బండిని సరిచేయడం వల్ల ప్రాణాలు నిలుస్తాయి. 2018 మేలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ టెస్లా మోడల్ 3ను పరీక్షించింది. గంటకు 60 మైళ్ల వేగంలో ఉండగా బ్రేకు వేస్తే కారు ఆగడానికి 152 అడుగులు పట్టింది. ఈ తరగతి కార్లలో అది చాలా ఎక్కువ. కారును సిఫార్సు చేయలేమని సంస్థ తేల్చి చెప్పింది. కొద్ది రోజుల్లోనే టెస్లా ఒక అప్‌డేట్ పంపింది. అదే కారును మళ్లీ పరీక్షిస్తే 133 అడుగుల్లో ఆగింది. డిస్కులు మార్చలేదు, ప్యాడ్లు మార్చలేదు, ఒక్క నట్టు తిప్పలేదు. బ్రేకును ఎప్పుడు ఎంత గట్టిగా పట్టాలో, ఎప్పుడు వదలాలో లెక్కగట్టే ప్రోగ్రాం మారిందంతే. 19 అడుగులంటే దాదాపు ఆరు మీటర్లు. రోడ్డు దాటుతున్న పిల్లవాడికి ఆ ఆరు మీటర్లు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఆఫీసులో కూర్చుని వేలాది కార్లు ఆగే దూరాన్ని తగ్గించగలిగితే, అదే దారిలో, పొరపాటునైనా సరే, పెంచనూ గలరు. ఇంత శక్తి ఉన్న పనికి లెక్కాపత్రం లేకుండా ఎలా?

బండిలో ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో కాస్త చూడాలి. ఇప్పటి కారులో చిన్నా పెద్దా కలిపి పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. ఖరీదైన కార్లలో వాటి సంఖ్య వంద దాకా పోతుంది. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, చివరికి అద్దాలు ఎక్కించి దించడానికీ ఒకటి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే వైరు వ్యవస్థను జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపింది. బయటివాడు ఆ వైరు దాకా రాగలడని అప్పట్లో ఎవరూ అనుకోలేదు కాబట్టి, వచ్చిన సందేశం ఎవరు పంపారని అడిగే అలవాటు దానికి పెట్టలేదు. దాని మీద ఇప్పుడు సిమ్ కార్డున్న మరో పెట్టె వచ్చి కూర్చుంది. కంపెనీ సర్వర్ నుంచి అప్‌డేట్ వచ్చేది ఆ పెట్టెకే. అక్కడి నుంచి మిగతా యూనిట్లకు చేరుతుంది.

ప్రతిసారీ ప్రోగ్రాం మొత్తం మారాలని లేదు. చాలాసార్లు మారేవి కొన్ని అంకెలే. ఒకే మోటారు, ఒకే బ్యాటరీ ఉన్న రెండు బళ్లు వేర్వేరు ధరలకు, వేర్వేరు వేగాలతో అమ్ముడవుతాయంటే తేడా తరచుగా ఈ సెట్టింగుల్లోనే ఉంటుంది. గరిష్ఠ వేగం ఎంత, బ్యాటరీలో ఎంత భాగం వాడుకోనివ్వాలి, యాక్సిలరేటర్ వదిలితే ఎంత గట్టిగా లాగి పట్టి చార్జింగ్ వెనక్కి తీసుకోవాలి అనేవన్నీ పట్టికలో రాసుకున్న విలువలు. కొత్త ప్రోగ్రాం వచ్చిందంటే తెర మీద కనీసం ఒక ప్రకటన కనబడుతుంది. ఒక అంకె మారితే అదీ కనబడకపోవచ్చు.

అంకెల్లో ఏం దాచవచ్చో ఫోక్స్‌వ్యాగన్ ఉదంతం లోకానికి చూపింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పటికి మాత్రం పొగను అదుపులో పెట్టి, రోడ్డెక్కాక వదిలేసే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ పది లక్షల డీజిల్ వాహనాల్లో పెట్టింది. 2015 సెప్టెంబర్‌లో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టేదాకా ఆ కార్లన్నీ పరీక్షల్లో నెగ్గినవే. అక్కడ దూరం నుంచి మార్చిందేమీ లేదు. కానీ అధికారి పరీక్షించిన బండీ, రోడ్డు మీద నడిచే బండీ సాఫ్ట్‌వేర్ వల్ల రెండు వేర్వేరు బళ్లు కావచ్చని తేలింది. ఏ రోజైనా మార్చగలిగే సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు, ఒకనాడు పుణెలోని ఏఆర్ఏఐ అనే వాహన పరీక్షా కేంద్రంలోనో మరో చోటనో పాసైన పరీక్ష రెండేళ్ల తర్వాతి బండి గురించి ఏం చెప్పగలదు?

అయినా ఈ పద్ధతి వెనక్కి పోదు, పోకూడదు కూడా. కారణం వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కర్లేదు. పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారయ్యే కియా కారెన్స్ కార్లలో ఎయిర్‌బ్యాగులను నడిపే యూనిట్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండొచ్చని కంపెనీ 2022 అక్టోబర్‌లో 44,174 కార్లను వెనక్కి పిలిచింది. మరుసటి ఏడాది, డ్రైవర్ ముందుండే తెర ఖాళీ అయిపోయే ఇబ్బంది ఉందని మరో 30,297 కారెన్స్‌లను పిలిచింది. రెండుసార్లూ మందు ఒకటే, ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. దాని కోసం ప్రతి యజమానికీ కబురు పంపాలి, అతను వీలు చూసుకుని సర్వీస్ సెంటర్‌కు రావాలి. ఊరికి దూరంగా ఉండేవాడికి ఒక రోజు పోతుంది. చిరునామా మారినవాడికి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి కబురే అందకపోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ లోపం అతను వచ్చేదాకా ఆగదు కదా.

అమెరికాలో 2015లో జరిగింది ఇంకా కలవరపెట్టే ఉదాహరణ. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు ఇంట్లో కూర్చుని, సెయింట్ లూయిస్ దగ్గర హైవే మీద పోతున్న ఒక జీప్ చెరోకీని తమ ల్యాప్‌టాప్ నుంచి అదుపులోకి తీసుకున్నారు. లోపల ఉన్నది వైర్డ్ పత్రిక విలేకరి. ముందే చెప్పి చేసిన ప్రయోగమే అది. ఏసీ, రేడియో, వైపర్లు వాటంతట అవే తిరిగాయి. తర్వాత యాక్సిలరేటర్ పనిచేయడం మానేసింది. పాటలు వినే వ్యవస్థకున్న మొబైల్ కనెక్షన్ గుండా లోపలికి వెళ్లి, క్యాన్ వైరుతో మాట్లాడే చిప్‌లో తమ సొంత ప్రోగ్రాం రాసేశారు వాళ్లు. కొత్త ప్రోగ్రాం మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందా అని ఆ చిప్ అడగలేదు. జీప్ తయారీదారు ఫియట్ క్రిస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. వాటిని సరిచేయడానికి యజమానులకు యూఎస్‌బీ స్టిక్కులను పోస్టులో పంపింది. అపరిచితుడు గాలిలోంచి లోపలికి వెళ్లగలిగాడు, తయారు చేసిన కంపెనీకి మాత్రం పోస్టాఫీసే దిక్కయింది. దూరం నుంచి సరిచేసే దారి లేని కనెక్టెడ్ కారు, ఆ దారి ఉన్నదానికన్నా ప్రమాదకరం. ఈ వాదనకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కాబట్టి ప్రశ్న అప్‌డేట్ కావాలా వద్దా అన్నది కాదు. ఎవరు, ఎవరికి చెప్పి, ఎవరి సమ్మతితో, ఎక్కడ రాసిపెట్టి అన్నదే అసలు సంగతి.

పని తప్పుగా జరిగితే ఏమవుతుందో ఇప్పటికే చాలాసార్లు చూశాం. 2019 జనవరిలో బీజింగ్ నడిబొడ్డున చాంగాన్ అవెన్యూలో, ట్రాఫిక్ మధ్య నిలిచి ఉన్న ఒక నియో ఈఎస్8 కారులో డ్రైవర్ అప్‌డేట్ మొదలుపెట్టాడు. కారు అక్కడే కదలకుండా గంటకు పైగా ఉండిపోయింది. అద్దాలు కూడా దిగలేదు. 2023 నవంబర్‌లో రివియన్ కంపెనీ తప్పు భద్రతా సర్టిఫికెట్లున్న సాఫ్ట్‌వేర్‌ను పొరపాటున పంపితే కార్లలో తెరలు చీకటైపోయాయి. కార్లు నడిచాయి గానీ వేగం చూపే తెరా పోయింది. పొరపాటు తమదేనని కంపెనీ సాఫ్ట్‌వేర్ అధిపతి వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం వల్లే కంపెనీ మీద కొంత నమ్మకం నిలిచింది. 2025 అక్టోబర్‌లో అమెరికాలో జీప్ రాంగ్లర్ 4ఎక్స్‌ఈ యజమానులకు వచ్చిన అప్‌డేట్ అంతకన్నా భయపెట్టింది. కొన్ని బళ్లు నడుస్తుండగానే శక్తి కోల్పోయాయి. ఇంట్లో ఆగిపోయే బండి వేరు, హైవే మీద లారీల మధ్య ఆగిపోయే బండి వేరు.

వీటిని నివారించే పద్ధతులు ఇంజనీర్లకు తెలియనివి కావు. కంట్రోల్ యూనిట్‌లో రెండు గదులు పెట్టి, పాత ప్రోగ్రాంను ఒక గదిలో ఉంచి కొత్తదాన్ని రెండో గదిలో రాస్తారు. కొత్తది మొరాయిస్తే పాతది లేస్తుంది. గేరు పార్కింగ్‌లో ఉంటేనే, బ్యాటరీలో తగినంత చార్జి ఉంటేనే పని మొదలవుతుంది. ముందు కంపెనీ సొంత బళ్లకు, తర్వాత కొన్ని వందల మందికి, అంతా బాగుంటేనే మిగతావాళ్లకు పంపుతారు. అమెరికా ప్రభుత్వ నిధులతో న్యూయార్క్ యూనివర్సిటీ తదితర సంస్థలు కలిసి రూపొందించిన అప్‌టేన్ అనే పద్ధతిలో, సర్వర్ తాళం ఒకటి దొంగల చేతికి చిక్కినా బండిలోకి తప్పుడు ప్రోగ్రాం దిగకుండా పలు తాళాలు ఉంటాయి. ఇవన్నీ చేయడానికి డబ్బు, ఓపిక కావాలి. రెండో గది అంటే అదనపు మెమరీ, దానికి అదనపు ఖర్చు. చవక బండిలో కంపెనీ దేన్ని మిగుల్చుకుంటుందో కొనేవాడికి తెలియదు. అందుకే ఈ విషయాన్ని కంపెనీ మంచితనానికి వదిలేయకూడదు.

దూరం నుంచి చేసే మరమ్మతు అసలైన మరమ్మతేనా అన్నది ఇంకో చిక్కు. 2023 డిసెంబర్‌లో ఆటోపైలట్ విషయంలో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది. డ్రైవర్ రోడ్డు మీద దృష్టి పెట్టేలా హెచ్చరికలు పెంచే అప్‌డేట్ అది. కొద్ది నెలలకే, 2024 ఏప్రిల్‌లో, ఆ మందు సరిపోయిందా లేదా అని అక్కడి రహదారి భద్రతా సంస్థ విచారణ తెరిచింది. అప్‌డేట్‌లో ఒక భాగాన్ని యజమాని ఎంచుకుంటేనే పనిచేస్తుంది, డ్రైవర్ దాన్ని తేలిగ్గా వెనక్కి తిప్పేయవచ్చు అన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. అడిగే సంస్థ ఉంది కాబట్టి అడిగింది. అప్‌డేట్ చేశామని కంపెనీ చెప్పగానే ఫైలు మూసేసే చోట ఆ ప్రశ్న ఎప్పటికీ పుట్టదు.

ఇంతవరకూ చెప్పినవి లోపాలు, పొరపాట్లు. ఇక కావాలని చేసే మార్పులకు వద్దాం. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుపాను ఫ్లోరిడా మీదికి వస్తుంటే, తప్పించుకుని పోతున్న కొందరు టెస్లా యజమానుల కార్లకు ఉన్నట్టుండి ఎక్కువ దూరం పోయే శక్తి వచ్చింది. వాళ్లు కొన్నది 60 కిలోవాట్‌అవర్ల కారు. లోపల ఉన్నది 75. మిగతా భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో మూసి ఉంచారు. తుపాను రోజుల్లో కంపెనీ తలుపు తెరిచి, గడువు తీరాక మళ్లీ మూసింది. చేసింది మంచి పనే. కానీ డ్రైవర్లు తాము మోసుకు తిరుగుతున్న బ్యాటరీలో తమకు దక్కని భాగం ఒకటుందని ఆ రోజు తెలుసుకున్నారు.

రెండేళ్లకు అదే శక్తి రెండో వైపు తిరిగింది. 2019లో వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని మోడల్ ఎస్ కార్ల బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీ తగ్గింది, దానితో పాటు దూరమూ తగ్గింది. యజమానులు కోర్టుకు వెళ్లారు. 2021లో 1,743 కార్లకు సంబంధించి 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి 625 డాలర్లు. బ్యాటరీ భద్రత కోసమే తగ్గించారని అనుకున్నా, యజమానిని ముందు అడగలేదన్నది నిజం. 2020లో ఇంకొకటి బయటికొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక టెస్లాలో, అమ్మకం నాటి కాగితంలో ఉన్న ఆటోపైలట్ సదుపాయాలను కంపెనీ తర్వాత దూరం నుంచి తీసేసింది. గొడవ పత్రికలకెక్కాక తిరిగి ఇచ్చింది. ఇల్లు అమ్మి రిజిస్ట్రేషన్ అయిపోయాక కూడా పాత యజమాని దగ్గర ఒక తాళం చెవి ఉండి, రాత్రి వచ్చి ఒక గదికి తాళం వేసి పోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

బండిలో ఉన్నదానికే మళ్లీ డబ్బు అడగడం ఇంకో రకం. సీటు వేడెక్కడానికి నెల చందా అడిగి విమర్శలపాలైన బీఎండబ్ల్యూ 2023లో ఆ ఆలోచన విరమించుకుంది. మెర్సిడెస్ అమెరికాలో కొన్ని విద్యుత్ కార్లకు అదనపు వేగం కోసం ఏడాదికి 1,200 డాలర్లు అడిగింది. మన దేశంలో స్కూటర్ల కథ మరో రకంగా నడిచింది. 2021 డిసెంబర్‌లో ఓలా ఎస్1 ప్రో బళ్లు ఇళ్లకు చేరేసరికి చెప్పిన సదుపాయాలు కొన్ని అందులో లేవు. క్రూయిజ్ కంట్రోల్ 2022లో మూవ్‌ఓఎస్ 2తో వచ్చింది. ఎత్తులో బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ దాని తర్వాతి మూవ్‌ఓఎస్ 3 దాకా ఆగింది. కొనేటప్పుడు చేతికొచ్చింది బండి కొంత, హామీ కొంత. హామీని నమ్మి డబ్బు కట్టిన వినియోగదారుడికి గడువు తేదీ ఉన్న కాగితం ఉండి తీరాలి.

తాళం మాట వచ్చింది కాబట్టి, రైతుల దాకా వెళ్లాలి. 2022లో మెలిటోపోల్ పట్టణాన్ని ఆక్రమించిన రష్యా సైనికులు అక్కడి జాన్ డీర్ డీలర్ దగ్గరి నుంచి దాదాపు 50 లక్షల డాలర్ల విలువైన యంత్రాలను ఎత్తుకుపోతే, అవి చెచెన్యా చేరేసరికి దూరం నుంచి పనికిరాకుండా చేసేశారు. లోకమంతా చప్పట్లు కొట్టింది. కానీ దొంగ ఎవరో, యజమాని ఎవరో ఆ తాళానికి తెలియదు. కోతల రోజున సొంత పొలంలో నిలబడ్డ రైతు యంత్రానికీ అదే తాళం ఉంటుంది. రిపేరు హక్కు కోసం అమెరికా రైతులు ఏళ్ల తరబడి పోరాడితే కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం తెచ్చింది. 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ మీద దావా వేసింది. పోలండ్‌లో అయితే రైళ్లే ఆగిపోయాయి. న్యూవాగ్ కంపెనీ తయారుచేసిన కొన్ని రైళ్లు, ఆ కంపెనీకి చెందని వర్క్‌షాపులో మరమ్మతు చేయించాక మళ్లీ కదలలేదు. వాటి సాఫ్ట్‌వేర్‌లో పోటీ వర్క్‌షాపులున్న చోట్ల అక్షాంశ రేఖాంశాలు రాసి ఉన్నాయని, అక్కడ నిలిపితే రైలు తాళం వేసుకునేలా ఉందని 2023 డిసెంబర్‌లో పరిశోధకులు వెల్లడించారు. కంపెనీ ఖండించింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మొదలుపెట్టిన రిపేరు హక్కు పోర్టల్‌లో వ్యవసాయ యంత్రాలూ వాహనాలూ ఉన్నాయి. అది మంచి ఆరంభమే. సాఫ్ట్‌వేర్ తాళాల సంగతి అందులో సూటిగా తేల్చాలి.

కంపెనీయే లేకుండా పోతే? అమెరికాలో విద్యుత్ కార్ల కంపెనీ ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా తీసింది. మిగిలిన 3,000కు పైగా కార్లను న్యూయార్క్‌లోని ఒక అద్దె కార్ల సంస్థ కొనుక్కుంది. కొన్నాక తెలిసింది, కార్లతో మాట్లాడే సర్వర్ వ్యవస్థను తమవైపు మార్చుకోవడమే కష్టమని. దేశంలో ఇప్పుడు విద్యుత్ స్కూటర్లు అమ్ముతున్న కంపెనీలు ఎన్నో. పదేళ్ల తర్వాత ఎన్ని నిలుస్తాయో ఎవరూ చెప్పలేరు. అప్పటికీ ఆ బళ్లు రోడ్ల మీద, చిన్న పట్టణాల సందుల్లో తిరుగుతూనే ఉంటాయి. భద్రతా లోపాలు సరిచేసేవాడు మాత్రం ఉండడు.

తెలుగు రాష్ట్రాలకు ఇది మరీ దగ్గరి విషయం, ఎందుకంటే ఇక్కడి ప్రభుత్వ రవాణా విద్యుత్ బస్సుల మీదకు వస్తోంది. అలాంటి బస్సుల గురించి నార్వేలో ఏం తేలిందో ముందు చూద్దాం. 2025లో ఓస్లో నగర రవాణా సంస్థ రూటర్, చైనాకు చెందిన యూటాంగ్ విద్యుత్ బస్సును బయటి సిగ్నళ్లు చేరని ఒక భూగర్భ గనిలోకి తీసుకెళ్లి పరీక్షించింది. అప్‌డేట్ల కోసం, లోపాలు చూడటం కోసం తయారీదారుకు బ్యాటరీ, విద్యుత్ సరఫరా వ్యవస్థ దాకా దారి ఉందని, సిద్ధాంతపరంగా బస్సును దూరం నుంచి ఆపవచ్చని తేల్చింది. పక్కనే పరీక్షించిన నెదర్లాండ్స్ బస్సులో అలాంటి దారి లేదు. డెన్మార్క్ కూడా తన బస్సుల లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ బస్సును ఆపలేదు, ఆపుతారన్న ఆధారమూ లేదు. నార్వేవాళ్లు చేసింది ఒక్కటే. ఎవరేం చేయగలరో ముందు తెలుసుకున్నారు.

హైదరాబాద్‌లో 2019 నుంచి, తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఒలెక్ట్రా విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. చైనాకు చెందిన బీవైడీ ఒలెక్ట్రాకు సాంకేతిక భాగస్వామి. అందులో తప్పుపట్టేదేమీ లేదు. ఆ బస్సులు పొగ లేకుండా, చప్పుడు లేకుండా కొండెక్కుతుంటే సంతోషంగానే ఉంటుంది. అయితే ఘాట్ దిగే విద్యుత్ బస్సులో మోటారే జనరేటర్‌లా తిరగబడి వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఎంత గట్టిగా పట్టాలి, బ్యాటరీ నిండుగా ఉంటే ఏం చేయాలి అన్నవి సాఫ్ట్‌వేర్‌లోని విలువలు. డ్రైవర్ పాదం ఆ పట్టుకు అలవాటు పడి ఉంటుంది. ఒక రాత్రి ఆ విలువ మారితే, పొద్దున మొదటి ట్రిప్పుకు ముందు ఆ సంగతి డ్రైవర్‌కు ఎవరు చెప్పాలి? ఈ బస్సుల్లో చాలావాటిని ఆర్టీసీలు సొంతంగా కొనలేదు. కిలోమీటరుకు ఇంత అని చెల్లించే ఒప్పందం మీద నడుపుతున్నాయి. బస్సు ఒకరిది, సాఫ్ట్‌వేర్ ఒకరిది, టికెట్ ఇచ్చేది ఆర్టీసీ. ఇలాంటప్పుడు ఎవరి బాధ్యత ఎంతో ఒప్పందంలో రాసుకోకపోతే ప్రమాదం జరిగిన రోజున అందరూ పక్కవాడి వైపు చూపిస్తారు.

మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 2020లో రెండు నిబంధనలు ఆమోదించింది. 155వది సైబర్ భద్రత మీద, 156వది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల మీద. ఐరోపా యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లు, బస్సులు, లారీలన్నిటికీ ఇవి తప్పనిసరి. అప్‌డేట్ విఫలమైతే బండి పాత స్థితికి రావాలి, లేదా సురక్షిత స్థితిలో నిలవాలి. ఏం మారుతోందో, ఎందుకు మారుతోందో యజమానికి ముందే చెప్పాలి. ఇంకా, అనుమతి పరీక్షలతో సంబంధమున్న సాఫ్ట్‌వేర్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఉండేలా ఏర్పాటుంది. అనుమతిని ప్రభావితం చేసే మార్పు జరిగితే ఆ సంఖ్య మారుతుంది. మెకానిక్కులు తప్పులు చదవడానికి వాడే సాకెట్ నుంచే దాన్ని చదవొచ్చు. వీటి నమూనాలోనే మన దేశంలో ఏఐఎస్-189, ఏఐఎస్-190 అనే ప్రమాణాలు రూపుదిద్దుకున్నాయి. అవి ఎంత త్వరగా స్కూటర్ నుంచి బస్సు దాకా అన్నిటికీ వర్తిస్తే అంత మంచిది.

ఐరోపా ఆగిన చోట మనం ఒక అడుగు ముందుకు వేయాలి. ఆ గుర్తింపు సంఖ్య బండిలోనే ఉండిపోకుండా, కేంద్రం నడిపే వాహన రిజిస్ట్రేషన్ల డేటాబేస్ అయిన వాహన్‌లోకి రావాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు పక్కన సాఫ్ట్‌వేర్ సంఖ్యకు ఒక గడి, దాని కింద తేదీల వారీగా మార్పుల చరిత్ర. బ్యాంకు లోను తీరిందా, చలానాలు ఉన్నాయా అని ఆన్‌లైన్‌లో చూసుకునే కొనుగోలుదారు, ఈ బండి బ్రేకుల ప్రోగ్రాం చివరిసారి ఎప్పుడు మారిందో, బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించిన అప్‌డేట్ ఏదైనా వచ్చిందో కూడా చూడగలగాలి. 52వ సెక్షన్‌లో యజమానికి ఉన్న కట్టడి లాంటిదే తయారీదారుకూ ఉండాలి. మార్చవద్దని కాదు. మార్చినది నమోదు చేయాలని.

పరిశ్రమ చెప్పే అభ్యంతరం తెలిసిందే. అప్‌డేట్లు నెలనెలా వస్తుంటాయి, ప్రతిదానికీ కాగితం పని పెడితే భద్రతా మరమ్మతులే ఆలస్యమవుతాయంటారు. పాటల యాప్ మారితేనో, మ్యాప్‌లో కొత్త ఫ్లైఓవర్ చేరితేనో ఎవరూ నమోదు అడగడం లేదు. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, మోటారు శక్తి, బ్యాటరీ దూరం, పొగ, డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థలు. ఇంతే జాబితా. నమోదు కూడా అనుమతి కోసం ఎదురుచూడటం కాదు. కంపెనీ సర్వర్ నుంచి వాహన్ సర్వర్‌కు ఒక వరుస సమాచారం పోతే చాలు. అత్యవసర భద్రతా మరమ్మతును ముందు పంపి తర్వాత నమోదు చేసుకునే వెసులుబాటూ ఇవ్వొచ్చు. సామర్థ్యాన్ని తగ్గించే మార్పుకు మాత్రం యజమాని సమ్మతి కావాలి. భద్రత కోసం తగ్గించక తప్పకపోతే ఆ సంగతి రాసి చెప్పాలి, నష్టపరిహారం మాట కూడా అందులోనే ఉండాలి.

ఈ పని చేయగలిగినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం, జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ టెక్నాలజీ కేంద్రం హైదరాబాద్‌లో పనిచేస్తున్నాయి. ఫియట్ క్రిస్లర్ 2020 డిసెంబర్‌లో 15 కోట్ల డాలర్లతో తన డిజిటల్ కేంద్రాన్ని ఇక్కడే ప్రకటించింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో తిరిగే వాహనాల ప్రోగ్రాంలు రాసే ఇంజనీర్లు ఈ ఊళ్లో ఉంటే, ఈ రాష్ట్రాల్లో తిరిగే వాహనాల అప్‌డేట్లను కంపెనీలతో సంబంధం లేకుండా పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాల ఒకటి ఇక్కడ ఉండటంలో అర్థముంది. రవాణా శాఖలో బండి చుట్టూ తిరిగి లైట్లు, టైర్లు చూసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు సాఫ్ట్‌వేర్ సంఖ్య చదివే పరికరం, శిక్షణ ఇవ్వడానికి కోట్లు ఖర్చు కావు.

తెర మీద వచ్చే నోటీసు గురించీ చెప్పుకోవాలి. ఇంగ్లిష్‌లో రెండు పేజీలు, కింద ఒప్పుకుంటున్నానని ఒక మీట. ఒంగోలులో ఆటో నడుపుకునేవాడు, ఖమ్మంలో పాలు పోసే స్కూటర్ యజమాని దాన్ని చదివి సమ్మతించాడని అనుకోవడం అన్యాయం. అప్‌డేట్ తర్వాత బండి ఎంతసేపు కదలదు, ఏం మారుతుంది, వద్దంటే ఏమవుతుంది అన్న మూడు విషయాలు అతని భాషలో, నాలుగు వాక్యాల్లో చెప్పొచ్చు. చదవలేనివాడికి వినిపించవచ్చు. పాటలు వినిపించే స్పీకర్ ఉన్న బండికి అదేం కష్టం కాదు.

కేంద్ర చట్టం మారేదాకా రెండు రాష్ట్రాలూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. విద్యుత్ బస్సులకు ఆర్టీసీలు పిలిచే తర్వాతి టెండర్లలోనే ఈ షరతులు చేర్చవచ్చు. దూరం నుంచి బస్సులోకి ఎవరెవరికి దారి ఉందో రాతపూర్వకంగా చెప్పాలి. ఆర్టీసీ అనుమతి లేకుండా, బస్సు డిపోలో లేనప్పుడు ఏ అప్‌డేటూ దిగకూడదు. బ్రేకు, మోటారు విలువలు మారిన ప్రతిసారీ ఖాళీ బస్సుతో ఘాట్ మీద ఒక ట్రిప్పు నడిపి చూశాకే ప్రయాణికులను ఎక్కించాలి. మారిన సంగతి డ్రైవర్లకు డ్యూటీ ఎక్కే ముందు చెప్పి సంతకం తీసుకోవాలి. ఒప్పంద కాలమంతా భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి, కంపెనీ మూతపడితే సోర్స్ కోడ్, తాళాలు ఆర్టీసీ చేతికి వచ్చేలా మూడో పక్షం దగ్గర ముందే జమ చేయాలి. టెండర్ రాసే అధికారులకు ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక పేజీ చాలు.